రికార్డో లెక్క మీ చేత్తో మీరే వేయండి: స్వేచ్ఛా వ్యాపారం వాదన నిజంగా అర్థం కావాలంటే

డిగ్రీలో ఎకనామిక్స్ చదివినవాళ్ళకి, గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నవాళ్ళకి తులనాత్మక వ్యయ సిద్ధాంతం (ఏ దేశమైనా తనకు పోలికలో తక్కువ శ్రమ పట్టే సరుకు చేసి మిగతాది మార్చుకుంటే ఇద్దరికీ లాభం అనే మాట) అనగానే ఒక నిర్వచనం, ఐదారు ప్రమేయాలు (ముందే నిజమని అనుకునే షరతులు), నాలుగు విమర్శలు టకటకా గుర్తొస్తాయి. సరే, అందులో వచ్చే బట్ట, వైన్ ఉదాహరణలో ఇంగ్లండ్‌కి మిగిలింది ఎంత, పోర్చుగల్‌కి ఎంత, ఆ మిగులు ఎక్కడినుంచి పుట్టింది అని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. తప్పు వాళ్ళది కాదు. మనకు దాన్ని బట్టీ పట్టే పేరాగా నేర్పారు గానీ లెక్కగా నేర్పలేదు. 1817లో ఇంగ్లండ్ ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో తన పుస్తకం ఏడో అధ్యాయంలో రాసింది లెక్కే, అదీ నాలుగే నాలుగు అంకెలతో. వాటిని కాగితం మీద పెట్టి ఒక గంట కూర్చుంటే, దిగుమతి సుంకాల మీద పేపర్లో వచ్చే ఏ వార్తనైనా ఎవరో చెప్పింది నమ్మాల్సిన పని లేకుండా మీరే తేల్చుకోగలరు. కూడిక, తీసివేత, అక్కడక్కడా ఒక భాగహారం వస్తే చాలు.

ముందు రికార్డో కంటే ముందుతరం ఆర్థికవేత్త ఆడం స్మిత్‌ని పలకరించి వెళ్దాం, కానీ అక్కడే ఆగిపోకండి. 1776లో ఆయన చెప్పింది సూటి మాట. దర్జీ తన చెప్పులు తాను కుట్టుకోడు, చెప్పులు కుట్టేవాడి దగ్గర కొంటాడు. చెప్పులు కుట్టేవాడు తన చొక్కా తాను కుట్టుకోడు, దర్జీకి ఇస్తాడు. బయట తక్కువకు దొరికేదాన్ని ఇంట్లో ఎక్కువ ఖర్చుతో చేసుకోవడం ఏ ఇంటి యజమానికీ తెలివైన పని కాదు, దేశానికీ అంతే. స్కాట్లండ్ వైన్ గురించి ఆయన ఇచ్చిన ఉదాహరణ ఇంకా గట్టిది. అద్దాల గదులు కట్టి, వేడి పెట్టి, అక్కడ కూడా ద్రాక్ష పండించవచ్చు, మంచి వైన్ కూడా చేయవచ్చు, కాకపోతే బయటనుంచి తెచ్చుకునేదానికి ముప్ఫై రెట్లు ఖర్చవుతుంది. స్కాట్లండ్ వైన్‌ని పోషించడం కోసం విదేశీ వైన్‌ని నిషేధించడం ఎంత అసంబద్ధమో అందరికీ కనిపిస్తుంది. మరి ముప్ఫై రెట్లు అసంబద్ధం అయినప్పుడు, ముప్ఫయ్యో వంతు ఎక్కువ ఖర్చు పెట్టి ఇక్కడే చేసుకుందాం అనడం కూడా అదే జాతి పొరపాటు, సైజు చిన్నది అంతే అంటాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత నూనె లెక్కలో పనికొస్తుంది.

కానీ స్మిత్ దగ్గర ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఒక దేశం ఏ పని చేసినా పక్క దేశం కంటే ఎక్కువ శ్రమ పడుతుంటే ఏంటి పరిస్థితి? దర్జీకి కుట్టడం వచ్చు, చెప్పులవాడికి చెప్పులు వచ్చు, కాబట్టి మార్చుకున్నారు. ఏదీ సరిగ్గా రానివాడు ఏం ఇచ్చి ఏం తెచ్చుకుంటాడు? "వాళ్ళతో మనం పోటీ పడలేం, గేట్లు తెరిస్తే మునిగిపోతాం" అనే భయం అంతా ఇక్కడే ఉంది. దీనికి జవాబు రికార్డో దగ్గర దొరుకుతుంది.

ఇప్పుడు పెన్ను తీయండి

ఇలా రాసుకోండి:

ఇంగ్లండ్: బట్ట 100 మంది, వైన్ 120 మంది
పోర్చుగల్: బట్ట 90 మంది, వైన్ 80 మంది

ఈ అంకెలు దేనివో ముందు స్పష్టంగా ఉండాలి, ఎందుకంటే సగం గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. ఒక లాటు బట్ట ఉంది, ఒక లాటు వైన్ ఉంది. ఇంగ్లండ్ ఆ లాటు బట్ట ఇచ్చి ఆ లాటు వైన్ తెచ్చుకుంటోంది. ఆ లాటు బట్ట తయారు చేయడానికి ఇంగ్లండ్‌లో 100 మంది ఏడాది పని చేయాలి, పోర్చుగల్‌లో అయితే 90 మంది చాలు. ఆ లాటు వైన్‌కి ఇంగ్లండ్‌లో 120 మంది కావాలి, పోర్చుగల్‌లో 80 మంది చాలు. అంటే రెండింటిలోనూ పోర్చుగలే మెరుగు. రికార్డో కావాలనే అలా పెట్టాడు. ఇంగ్లండ్ పుస్తకంలో ఇంగ్లండే వెనకబడిన దేశం.

మొదటగా అందరూ చేసే పని 100ని 90తో పోల్చడం. అది చేయకండి. ఇంగ్లండ్‌లో బట్టకి ఎంతమంది, పోర్చుగల్‌లో బట్టకి ఎంతమంది అనే పోలికతో ఈ లెక్క ముందుకు కదలదు. ఇంగ్లండ్ తన వరుసలో తాను చూసుకోవాలి, పోర్చుగల్ తన వరుసలో తాను.

ఇంగ్లండ్ వరుస చూడండి. వైన్ కావాలి. సొంతంగా చేసుకుంటే 120 మంది పని. బట్ట చేసి పంపి వైన్ తెచ్చుకుంటే 100 మంది పని. 120లోంచి 100 తీసేస్తే 20 మంది మిగిలారు. పోర్చుగల్ వరుస: బట్ట కావాలి. సొంతంగా నేసుకుంటే 90 మంది, వైన్ చేసి ఇచ్చి తెచ్చుకుంటే 80 మంది. 10 మంది మిగిలారు. పోర్చుగల్ బట్ట నేయడంలో ఇంగ్లండ్ కంటే మెరుగే, అయినా నేయడం మానేస్తే దానికి లాభం. రికార్డో కొత్తగా చెప్పింది సరిగ్గా ఇదే, మిగతాదంతా దీనికి వివరణ.

ఇప్పుడు మొత్తం కూడి చూసుకోండి, లేకపోతే ఎక్కడో కనికట్టు జరిగిందనే అనుమానం పోదు. వ్యాపారం లేనప్పుడు ఇంగ్లండ్ రెండూ చేసుకుంటే 220 మంది, పోర్చుగల్‌లో 170 మంది, మొత్తం 390. వ్యాపారం ఉన్నప్పుడు ఇంగ్లండ్ రెండు లాట్ల బట్ట చేసింది, 200 మంది. పోర్చుగల్ రెండు లాట్ల వైన్ చేసింది, 160 మంది. మొత్తం 360. బట్ట అంతే, వైన్ అంతే, తాగేవాళ్ళకీ కట్టుకునేవాళ్ళకీ ఏమీ తగ్గలేదు. కొత్త యంత్రం రాలేదు, ఎవరూ రెండు గంటలు ఎక్కువ పని చేయలేదు, 30 మంది శ్రమ ఖాళీ అయింది. ఎవరు ఏ పని చేయాలో సర్దుకున్నందుకు వచ్చిన మిగులు ఇది. నాకు ఈ 30 మంది మీద చాలా గౌరవం. ఎవరి జేబులోంచీ లాక్కోకుండా రెండు వైపులా మిగులు చూపించిన లెక్క ఇంత చిన్నది ఇంకోటి నాకు తెలియదు.

మార్పిడి రేటు ఎక్కడ ఆగుతుంది

ఒక లాటు బట్టకి ఒక లాటు వైన్ అని రికార్డో అనుకుని లెక్క వేశాడు. అది అలాగే ఉండాలని ఏమీ లేదు. ఎంతవరకు కదలవచ్చో మీరే కనుక్కోవచ్చు.

ఇంగ్లండ్‌లో 120ని 100తో భాగించండి, 1.2 వస్తుంది. ఒక లాటు వైన్‌కి పట్టే శ్రమతో ఇంగ్లండ్ 1.2 లాట్ల బట్ట చేసుకోగలదు. కాబట్టి ఒక లాటు వైన్‌కి 1.2 లాట్ల కంటే ఎక్కువ బట్ట అడిగితే ఇంగ్లండ్ సొంతంగా చేసుకోవడమే నయం. పోర్చుగల్‌లో 80ని 90తో భాగిస్తే సుమారు 0.89. ఒక లాటు వైన్‌కి అంతకంటే తక్కువ బట్ట ఇస్తామంటే పోర్చుగల్ ఒప్పుకోదు. 0.89కీ 1.2కీ మధ్య ఏ రేటు దగ్గర కుదిరినా ఇద్దరికీ ఎంతో కొంత మిగులుతుంది.

ఎంతో కొంత అన్నది గమనించండి. రేటు 0.9 దగ్గర ఆగితే మిగులు దాదాపు అంతా ఇంగ్లండ్‌ది, 1.19 దగ్గర ఆగితే దాదాపు అంతా పోర్చుగల్‌ది. ఎక్కడ ఆగుతుందో శ్రమ లెక్క చెప్పదు, ఎవరి సరుకు ఎవరికి ఎంత అవసరం అన్నదే చెబుతుంది అని ఆర్థికవేత్త జాన్ స్టువర్ట్ మిల్ తర్వాత తేల్చాడు. మన పుస్తకాల్లో వర్తక నిబంధనలు అనే పాఠం ఇదే. ఇద్దరికీ లాభం అని చెప్పడం వేరు, ఇద్దరికీ సమానంగా లాభం అని చెప్పడం వేరు. మొదటిది నిరూపణ అయింది. రెండోది ఎవరూ నిరూపించలేదు, నిరూపించామని రికార్డో కూడా చెప్పలేదు.

ఇక్కడ ఒక చిన్న ప్రాక్టీసు చేయండి. పోర్చుగల్ వైన్ అంకెని 80 బదులు 108 చేయండి. ఇప్పుడు కూడా రెండు సరుకుల్లోనూ పోర్చుగలే మెరుగు. కానీ 108ని 90తో భాగిస్తే 1.2, ఇంగ్లండ్‌దీ 1.2. మధ్యలో జాగా లేదు, కాబట్టి వ్యాపారంలో మిగులూ లేదు. ఒక దేశం ఇంకో దేశం కంటే ఎంత ముందుంది అన్నది ఇక్కడ విషయం కాదని, లోపలి నిష్పత్తుల తేడాయే విషయమని ఈ ఒక్క మార్పుతో తెలిసిపోతుంది.

కూలి రేటు కలిపి చూడండి, అసలు భయం అక్కడే ఉంది

శ్రమ లెక్క చూపించగానే ఎవరైనా అడిగేది ఇదే: "బజారులో ఎవడూ ఎంతమంది చేశారని అడగడు, ధర ఎంత అని అడుగుతాడు. పోర్చుగల్‌లో రెండూ చవగ్గా తయారవుతుంటే ఇంగ్లండ్ బట్టని ఎవడు కొంటాడు?" చాలా సరైన ప్రశ్న. దీనికి కూడా రికార్డో జవాబు రాశాడు, మన క్లాసుల్లో ఎందుకో ఆ భాగం వదిలేస్తారు.

రెండు దేశాల్లోనూ మనిషికి కూలి 8 నాణేలు అనుకోండి. ఇంగ్లండ్‌లో బట్ట 800, వైన్ 960. పోర్చుగల్‌లో బట్ట 720, వైన్ 640. రెండూ పోర్చుగల్‌లోనే చవక, నిజమే. మరి ఏమవుతుంది? ఇంగ్లండ్ వర్తకులు రెండూ అక్కడే కొంటారు, బదులుగా ఇవ్వడానికి సరుకు లేదు కాబట్టి బంగారం పంపుతారు. బంగారం పోగయ్యే కొద్దీ పోర్చుగల్‌లో కూలీ, సరుకుల ధరలూ పెరుగుతాయి, ఇంగ్లండ్‌లో డబ్బు కరువై తగ్గుతాయి. ఈ బంగారం కదలిక సంగతి రికార్డో కంటే ముందే 1752లో డేవిడ్ హ్యూమ్ రాసిపెట్టాడు. పోర్చుగల్ కూలి 10కి చేరింది అనుకుందాం, ఇంగ్లండ్‌ది 8 దగ్గరే ఉంచుదాం. పోర్చుగల్ బట్ట 900, ఇంగ్లండ్ బట్ట 800. ఇంగ్లండ్ బట్ట చవకైపోయింది! వైన్ పోర్చుగల్‌లో 800, ఇంగ్లండ్‌లో 960. ఇంగ్లండ్ బట్ట లాటు 800, పోర్చుగల్ వైన్ లాటు 800, ఒకటికి ఒకటి మారిపోతాయి, బంగారం కదలాల్సిన పనే లేదు.

పోర్చుగల్ కూలి 13 దాకా పెరిగితే? బట్ట 1170, వైన్ 1040, రెండూ ఇంగ్లండ్‌లోనే చవక, బంగారం వెనక్కి తిరుగుతుంది. కాబట్టి పోర్చుగల్ కూలి ఇంగ్లండ్ కూలికి సుమారు 1.11 రెట్లకీ 1.5 రెట్లకీ మధ్య ఎక్కడో నిలబడాలి. 100ని 90తో, 120ని 80తో భాగిస్తే ఆ రెండు హద్దులు వస్తాయి, మీరే చూసుకోండి.

దీనివల్ల రెండు అపోహలు ఒకేసారి పోతాయి. కూలి తక్కువ దేశం పనులన్నీ ఎగరేసుకుపోతుంది అనేది ఒకటి. కూలి తక్కువ ఉండడానికి కారణం ఆ దేశంలో అదే పనికి ఎక్కువమంది కావాల్సి రావడమే. రెండోది, మెరుగైన దేశంతో పేద దేశం వ్యాపారం చేయలేదు అనేది. చేయగలదు, తక్కువ కూలితో. ఇది చేదు నిజం, దాచాల్సిన పని లేదు. వ్యాపారం వల్ల ఇంగ్లండ్ పోర్చుగల్ అంత ధనిక దేశం అయిపోదు, వ్యాపారం లేని ఇంగ్లండ్ కంటే మెరుగ్గా ఉంటుంది. కూలి నిజంగా పెరగాలంటే ఆ 100ని, 120ని తగ్గించాలి. అది చదువు, యంత్రాలు, రోడ్ల వల్ల అవుతుంది, సుంకాల వల్ల కాదు.

ఎవరికి పోతుంది అన్నది విడిగా రాయండి

ఇంతవరకు దేశం మొత్తాన్ని ఒక మనిషిలా చూశాం. దేశం ఒక మనిషి కాదు. స్మిత్, రికార్డో లాంటి సంప్రదాయ ఆర్థికవేత్తలు ఈ సంగతి మర్చిపోయారని కొందరు రాస్తారు గానీ, రికార్డో ఈ గొడవలోకి దిగిందే ఎవరికి ఎంత పోతుందో తేల్చడానికి. ఆయన ముందున్న సమస్య వైన్ కాదు, గోధుమ.

నెపోలియన్ యుద్ధాలు ముగిసే సమయానికి ఇంగ్లండ్ పార్లమెంటు నిండా భూస్వాములే. 1815లో ధాన్య చట్టం చేశారు: దేశంలో గోధుమ ధర క్వార్టర్‌కి 80 షిల్లింగులు చేరేదాకా విదేశీ గోధుమని అమ్మనివ్వరు. క్వార్టర్ అంటే అప్పటి వాళ్ళ ధాన్యం కొలత. ఈ చట్టం చర్చకు వచ్చినప్పుడు లండన్‌లో జనం తిరగబడ్డారు, పార్లమెంటుకి సైనికులు కాపలా కాయాల్సి వచ్చింది. రొట్టె ధర పెరిగితే ఆకలి ఎవరిదో జనానికి లెక్క వేయకుండానే తెలుసు. ఆ పెరిగిన డబ్బు ఎక్కడికి పోతోందో మాత్రం రికార్డో లెక్కే చూపించింది. అదీ వేద్దాం.

మూడు పొలాలు. మూడింటి మీదా పెట్టుబడి, శ్రమ సమానం. మొదటిదాంట్లో 100 క్వార్టర్లు పండుతుంది, రెండోదాంట్లో 90, మూడోదాంట్లో 80. ఈ అంకెలు కూడా రికార్డోవే. మొదటి పొలం ఒక్కటే సాగు చేస్తే సరిపోయే రోజుల్లో కౌలు లేదు. జనం పెరిగి రెండో పొలం కూడా దున్నాల్సి వస్తే, ఆ పొలంలో రైతుకి 90 మిగులుతుంది. మొదటి పొలం రైతుకి కూడా 90 మిగిలితే చాలు, పైన ఉన్న 10 భూమి యజమాని కౌలుగా అడుగుతాడు, ఇవ్వకపోతే ఇంకొకడికి ఇస్తాడు. మూడో పొలం కూడా దున్నాల్సి వచ్చిందా, మొదటి పొలం కౌలు 20, రెండో పొలం కౌలు 10, మొత్తం 30. సాగు చేసేవాడికి మిగిలేది 90 నుంచి 80కి పడింది. భూస్వామి ఏ పనీ చేయకుండానే అతని వాటా 10 నుంచి 30 అయింది.

బయటి గోధుమని ఆపితే ఏమవుతుంది? మూడో పొలం దున్నక తప్పదు. గేటు తెరిస్తే? మూడో పొలం పడావు పెట్టొచ్చు, కౌలు 30 నుంచి 10కి దిగుతుంది. ధాన్య చట్టం కోసం భూస్వాములు ఎందుకంత పట్టుపట్టారో ఈ మూడు అంకెలు చెప్పేస్తాయి. ఇంకో సంగతి, రికార్డో స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో సంపాదించిన డబ్బుతో 1814లో గాట్‌కూంబ్ పార్క్ ఎస్టేట్ కొన్నాడు. అంటే తానూ భూస్వామే. తన కౌలు తగ్గే వైపు నిలబడి వాదించాడు, 1819లో పార్లమెంటులో అడుగుపెట్టాక కూడా. ఆ మనిషి మీద నాకున్న గౌరవంలో సగం దీనికే.

చట్టం పోవడానికి మూడు దశాబ్దాలు పట్టింది. 1819లో మాంచెస్టర్ సెయింట్ పీటర్స్ ఫీల్డ్‌లో ఓటు హక్కు కోసం గుమిగూడి గుర్రపు దళం చేతిలో నరికించుకున్న జనం పట్టుకున్న జెండాల మీద ధాన్య చట్టాలు వద్దు అని కూడా రాసి ఉంది. రిచర్డ్ కాబ్డెన్, జాన్ బ్రైట్ అదే మాంచెస్టర్ నుంచి ధాన్య చట్ట వ్యతిరేక లీగ్ నడిపారు. 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట కుళ్ళిపోయాక ప్రధాని రాబర్ట్ పీల్ తన సొంత పార్టీనే చీల్చుకుని 1846లో చట్టం రద్దు చేయించాడు, ఆ జూన్‌లోనే పదవి పోగొట్టుకున్నాడు. రద్దు కూడా ఒక్క రాత్రిలో కాలేదు. సుంకం మెట్టుమెట్టుగా తగ్గించి 1849లో నామమాత్రం చేశారు.

మన వంటనూనె మీద వేసి చూడండి

ఇప్పుడు మన దగ్గరి కేసు. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటనుంచి వస్తుంది, అందులో పామాయిల్‌దే పెద్ద వాటా. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల మీద ప్రాథమిక కస్టమ్స్ సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచారు, 2025 మేలో 10 శాతానికి తగ్గించారు. ఆయిల్ పామ్ సాగులో దేశంలో ముందున్నవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే, గెలల ధర ముడి పామాయిల్ ధరకి ముడిపడి ఉంటుంది కాబట్టి సుంకం పెరిగినా తగ్గినా దెందులూరు నుంచి అశ్వారావుపేట దాకా తోటలున్న ఇళ్ళల్లో అదే చర్చ.

లెక్క పద్ధతి తెలియడానికి చిన్న ఊహా అంకెలు తీసుకుందాం. సుంకం లేకుండా డబ్బా 100 రూపాయలు. జనం 10 డబ్బాలు వాడతారు, 4 ఇక్కడివి, 6 బయటివి. 20 రూపాయల సుంకం వేశారు, ధర 120. జనం 9 డబ్బాలే కొన్నారు, ఇక్కడ 5 తయారయ్యాయి, బయటనుంచి 4 వచ్చాయి.

వాడేవాళ్ళకి పోయింది: 9 డబ్బాల మీద ఇరవై చొప్పున 180. పదో డబ్బా మానుకున్నందుకు ఇంకో 10 వేసుకోండి, ఎందుకంటే అది వాళ్ళకి 100 కంటే ఎక్కువ, 120 కంటే తక్కువ విలువైనది, సగటు తీసుకున్నాం. మొత్తం 190. ఇక్కడి రైతుకీ మిల్లుకీ వచ్చింది: పాత 4 డబ్బాల మీద 80, ఐదో డబ్బా తయారీ ఖర్చు పోగా సుమారు 10, మొత్తం 90. ప్రభుత్వానికి వచ్చింది: బయటి 4 డబ్బాల మీద 80. 190 పోయింది, 170 వచ్చింది, 20 ఎవరికీ రాలేదు. అందులో 10, బయట 100కి దొరికే డబ్బాని ఇక్కడ 110 పెట్టి తయారు చేసినందుకు. ఇంకో 10, వాడుకోవాల్సిన డబ్బా వాడుకోనందుకు. స్మిత్ చెప్పిన ముప్ఫయ్యో వంతు పొరపాటు కాగితం మీద ఇలా కనిపిస్తుంది.

ఎవరూ గమనించని అంకె ఇంకోటి ఉంది. వాడేవాళ్ళు ఇక్కడి డబ్బా మీద కూడా ఇరవై ఎక్కువే కట్టారు, ఆ డబ్బు ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనిపించదు. తోట రైతుకి సాయం కావాలంటే నేనే ముందు ఉంటాను, మొక్క వేసిన మూడు నాలుగేళ్ళ దాకా ఆదాయం లేని పంట అది, ప్రపంచ ధర పడినప్పుడు ఒక్కసారిగా నేలకి కొడుతుంది. కానీ ఆ 90 రైతుకి నేరుగా ఖజానా నుంచి ఇస్తే అందరికీ కనిపిస్తుంది, చర్చించవచ్చు, ఇందులో మిల్లు వాటా ఎంత అని అడగవచ్చు. నూనె ధరలో కలిపేస్తే, రోజుకూలి మీద బతికే ఇల్లు తన ఖర్చులో పెద్ద వాటా నూనెకి పెట్టే ఇల్లే కాబట్టి, ఎక్కువ బరువు వాళ్ళ మీదే పడుతుంది.

ప్రమేయాలు పరీక్ష కోసం కాదు, వాడుకోవడానికి

ఆ ఐదారు ప్రమేయాలు బట్టీ పట్టకండి, ఒక్కో వార్త దగ్గర ఇక్కడ ఇది నిజమేనా అని అడగండి. అన్నీ ఒకే బరువువి కావు. నా లెక్కలో రెండే పెద్దవి.

మొదటిది, పెట్టుబడి దేశం దాటదు అన్నది. పోర్చుగల్‌లో రెండూ చవక అయితే ఇంగ్లండ్ పెట్టుబడిదారులు తమ డబ్బు, మనుషులను తీసుకుని అక్కడికే పోవచ్చు కదా అని రికార్డోయే అడుగుతాడు. సొంత దేశం మీద మమకారం, పరాయి చోట భద్రత లేదన్న భయం వాళ్ళని ఆపుతాయని, ఆ భావాలు బలహీనపడితే తనకు బాధే అని రాశాడు. ఇవాళ డబ్బు ఒక క్లిక్‌తో దేశం దాటుతుంది. లెక్క పూర్తిగా కూలిపోదు, ఎందుకంటే మనుషులు, భూమి, వాతావరణం, రేవులు కదలవు. కానీ ఫ్యాక్టరీ వెళ్ళిపోయిన ఊళ్ళో 30 మంది మిగులు గురించి చెప్పేటప్పుడు ఈ సంగతి దాచకూడదు.

రెండోది, వైన్ మానేసినవాడు మర్నాడు మగ్గం ఎక్కుతాడు అన్నది. మగ్గం మీద నలభై ఏళ్ళు గడిపిన మనిషి ద్రాక్ష తోటలోకి అంత తేలిగ్గా పోలేడు. స్మిత్‌కి ఇది తెలుసు. ఎక్కువమందికి పని ఇస్తున్న పరిశ్రమకి చాలాకాలం రక్షణ ఉంటే దాన్ని ఒక్కసారిగా ఎత్తేయకూడదు, నెమ్మదిగా, ముందే చెప్పి తగ్గించాలని రాశాడు. దేశ రక్షణకి అవసరమైన పరిశ్రమ, ఇక్కడి సరుకు మీద పన్ను ఉన్నప్పుడు బయటి సరుకు మీద కూడా అంతే పన్ను, ఈ రెండింటినీ మినహాయింపులుగా ఒప్పుకున్నాడు. ఇక శిశు పరిశ్రమ వాదన, అంటే కొత్తగా పుట్టిన పరిశ్రమ నిలదొక్కుకునేదాకా దాన్ని బయటి పోటీ నుంచి కాపాడాలన్న మాట: అమెరికాలో అలెగ్జాండర్ హామిల్టన్ 1791లో, జర్మనీలో ఫ్రెడరిక్ లిస్ట్ 1841లో చెప్పారు, మిల్ కూడా 1848లో ఒప్పుకున్నాడు, కాకపోతే తాత్కాలికంగా ఉండాలి, పని నేర్చుకుని సొంత కాళ్ళ మీద నిలబడుతుందన్న నమ్మకానికి ఆధారం ఉండాలి అనే షరతులతో. కాబట్టి ఎవరైనా రక్షణ అడిగితే ఒక్క ప్రశ్న వేయండి: ఎన్నేళ్ళు? తేదీ చెప్పలేకపోతే అది శిశువు కాదు.

ఇంకో ప్రశ్న కూడా ఉంది, మనకి అది మరీ దగ్గరిది: గేటు తాళం ఎవరి చేతిలో ఉంది? 1611 నుంచి ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకుని కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు కొన్నది. ఆ బట్టలు ఇంగ్లండ్‌లో విపరీతంగా అమ్ముడుపోయేసరికి అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గొడవ చేసి 1700లో అద్దకం బట్టల దిగుమతిని, 1721లో ఏకంగా చాలా రకాల అద్దకం నూలు బట్టలు కట్టుకోవడాన్నే నిషేధించే చట్టాలు తెచ్చుకున్నారు. రెండోది 1774 దాకా ఉంది. తర్వాత కాలంలో ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లుల బట్టకి మన మార్కెట్ తెరిచారు, 1896లో మన మిల్లుల బట్ట మీద దిగుమతి సుంకంతో సమానంగా 3.5 శాతం ఎక్సైజ్ (తయారీ పన్ను) వేశారు. దీన్ని స్వేచ్ఛా వ్యాపారం ఖాతాలో రాయడం రికార్డోకి అన్యాయం, మన నేతగాళ్ళకి ఇంకా పెద్ద అన్యాయం. ఆ లెక్కలో రెండు దేశాలూ తమ ఇష్టంతో మార్చుకుంటున్నాయి. ఒక దేశం రెండు వైపులా గేటు పట్టుకుంటే అది వేరే లెక్క. కంపెనీ గుత్తాధిపత్యాన్ని స్మిత్ కూడా చీల్చి చెండాడాడు.

చివరిగా ఒక ప్రాక్టీసు, ఈసారి అవతలివాడు సుంకం వేసిన కేసు. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్ళింది, రొయ్యలు కూడా అందులో ఉండేవి, దేశంలో రొయ్యల ఎగుమతిలో ముందున్నది ఆంధ్రానే. అప్పుడు ఈక్వెడార్ రొయ్యల మీద 15 శాతమే. నూనె లెక్కలాగే కాగితం మీద మూడు గడులు గీయండి: అమెరికాలో తినేవాడు, అమెరికా ఖజానా, అక్కడి రొయ్యల జాలరి. నాలుగో గడి కొత్తది, భీమవరం చెరువు రైతు. ధరలో ఎంత భాగం అక్కడ పెరిగింది, ఎంత భాగం ఇక్కడ తగ్గింది అన్నది కొనేవాడికి వేరే చోటు ఉందా, అమ్మేవాడికి వేరే చోటు ఉందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈక్వెడార్ పక్కనే ఉంది కాబట్టి కొనేవాడికి ఉంది, అందుకే ఎక్కువ దెబ్బ చెరువు మీద పడింది. ఇక మనం కూడా తిరిగి సుంకం వేయాలా అంటే, స్మిత్ పెట్టిన పరీక్ష ఇది: దానివల్ల వాళ్ళు వెనక్కి తగ్గే అవకాశం నిజంగా ఉంటే వేయండి, లేకపోతే వేయకండి. వాళ్ళు తగ్గకపోతే చెరువు రైతుకి ఒక్క రూపాయి తిరిగి రాదు, మనం ఆపిన అమెరికా సరుకు వాడే మనవాళ్ళ గడిలో మాత్రం ఇంకో 190 వచ్చి చేరుతుంది.